ఎడమ చెవి వెనక

ఫలజ్ అల్ ఖబాయిల్‌ల, సోహార్ రోడ్డుకు ఇవతల,
టైర్ల దుకాణానికీ బేబిచ్చన్ కిరాణానికీ నడుమ
మూడు కుర్చీల సెలూన్ నాది.
గడ్డం ఏడువందల బైసలు, కటింగ్ రియాలు.
ఇరవై రెండేండ్లల్ల ఎన్ని తలలు ముట్టిన్నో లెక్కలేదు.

మా అయ్య ధర్మపురిల చెప్పేటోడు:
తల వంచి మన చేతిల వెట్టినోడు
గొంతు గూడ వెట్టినట్టే.
పైలం, రాజలింగూ.

గా మాట నేను ఒక్క శుక్రవారం మరిచిన.

అల్యూమినియం కంపెనీ సుధీంద్ర సారు కొడుకు నిరూప్,
ఏడేండ్లు. మిషను ఆన్ జేసిన, కేకేసిండు.
"పట్టుకోండ్రి, ఐదు నిమిషాల పని" అన్న.
నాలుగు చేతులు వట్టినయి.
కూసున్నోళ్లల్ల ఒకడు "రెండు తగిలియ్యి" అన్నడు,
ఇంకొకడు ఫోన్ దీసి వీడియో వట్టిండు.
సగం తల అయినంక తప్పించుకొని ఉరికిండు
తెల్లగుడ్డ మెడకే ఉండంగ
ట్రక్కులు వోయే రోడ్డు దిక్కు.
బేబిచ్చన్ అడ్డం వడ్డడు గాబట్టి

తెల్లారి వాళ్లమ్మ వచ్చింది.
గుడ్డ ఉతికి, మడతవెట్టి ఇచ్చింది. తిట్టలే.
"అన్నా, మీకు చెవి పక్కన వినవడేది
వానికి పంటిలోపల వినవడుతది" అన్నది.
వేములాడల పుట్టెంటికలు తీసిననాటి నుంచి
నిద్రలనే కత్తిరిస్తున్నదట,
ఫోన్ లైటు నోట్ల కరుసుకొని.
లిఫ్టుల వీళ్లుంటే పక్కింటోళ్లు ఎక్కరట.

ఏమనాల్నో తెల్వలే.
ఇషా నమాజు అయినంక తోలుకరా చెల్లే, అన్న.
మిషను డబ్బాల వెట్టిన.

మొదటినాడు గడప మీద కూసున్నడు.
రెండోనాడూ గడపనే.
ఏసీ సప్పుడుకు చెవులు మూసుకుంటే బందు జేసిన.
ఫ్యానూ బందు. జూన్ నెల.
పడవ అమ్ముకున్న ఒమానీ ముసలాయన, కమీస్ తాత,
నెత్తి మీది కుమ్మా తీసి
దానితోనే ఇసురుకున్నడు, లేవలే.
ఐదోనాడు దువ్వెన ఇచ్చిన.
దాని పండ్ల మీద గోటితోటి ట్ర్‌ర్‌ర్ మని
గంటసేపు.
తొమ్మిదోనాడు కత్తెర, ఒక్క కచ్.
నన్ను సూడలే. అద్దంల కత్తెరను సూసిండు.
సాలు బిడ్డా, పో, మల్ల రేపు.

ధరల బోర్డు కింద వాళ్లమ్మ రాసిచ్చిన కాగితం అంటించిన:
"వీడు మాట్లాడడు. వింటడు.
సూసుడు ఆపి జరంత జాగ ఇయ్యండ్రి."
దాని కింద బేబిచ్చన్ మలయాళంల రాసిండు,
కమీస్ తాత మనమడు అరబ్బీల.
తాయెత్తు కట్టియ్యమని ఒకడు మొదలువెడితే
తాత వేలు ఎత్తి కాగితం సూపెట్టిండు,
ఇంకేం అనలే.

ఒకనాటి రాత్రి ట్యాంకర్ డ్రైవర్ గుల్ జమాన్
గడ్డానికి నురగ వెట్టిచ్చుకొని
ఆ కాగితం ఏందని అడిగిండు. చెప్పిన.
సప్పుడు లేదు.
"మా అన్న బిడ్డ గిట్లనే.
లోపలి అర్రల ఉంచుతం. పెండ్లిండ్లకు తోలుకపోం."
నురగ ఎండిపోయేదాంక చెప్పిండు.
ఎనక బయట నిలవడి, మొకం సగం గీకి ఉండంగనే,
ఇంటికి ఫోన్ జేసి
పష్తోల శానసేపు కొట్లాడిండు.

ఒక్క కటింగుకు నెలన్నర వట్టింది.
అయినా సక్కగ రాలే.
ఎడమ చెవి వెనక ఇంకా ముట్టనియ్యడు,
ఆడ ఒక కుచ్చు, పిట్టతోక తీరు.
ఉండనీ.

మొన్న కూరగాయల సూక్‌ల
నిరూప్ అమ్మ వేలు వట్టుకొని వోతుంటే
ఎవలో నవ్వి అడిగిండ్రు:
"ఎవలు కోసిండ్రమ్మా ఈ వంకర కటింగు?"

ఎనకనే ఉన్న నేను, ఉల్లిగడ్డలు ఏరుకుంట.
నేనే, అన్న. జర గట్టిగనే.